సోయి ఎవరిది, చెట్టు ఎవరిది? చేవెళ్ల–మొయినాబాద్ ప్రాంతంలో ప్రకృతి, చదువు, దళిత విద్యార్థి మనసు

ఈ మధ్య విద్యారంగంలో రెండు మాటలు జంటగా వినిపిస్తున్నాయి. ఒకటి, పిల్లలను నాలుగు గోడల నుంచి బయటికి తీసుకుపోయి చెట్టు, చెరువు, పిట్ట, పురుగుల నడుమ చదువు చెప్పాలనడం. రెండోది, శ్వాసను గమనిస్తూ మనసును కుదుట పరచుకోవడం నేర్పాలనడం. ఈ రెండోదానికి మైండ్‌ఫుల్‌నెస్ అని పేరు పెట్టారు. రెండూ కలిస్తే విద్యార్థుల ఆందోళన తగ్గుతుందని, మనసు బాగుపడుతుందని అంటున్నారు. హైదరాబాద్ నుంచి పడమటికి పోయే బీజాపూర్ రోడ్డు మీద, మొయినాబాద్ చేవెళ్ల ప్రాంతంలో, ఈ మాటలకు గిరాకీ ఎక్కువ. నగరానికి దగ్గర, రెండు పెద్ద జలాశయాల పక్కన, ఇంకా కొంత పచ్చదనం మిగిలిన నేల గదా. అందుకే పెద్ద ఫీజుల బడులు, ఫామ్‌హౌసులు, రిసార్టులు అక్కడికి పోయినయి. అదే రోడ్డు మీద చేవెళ్లలోను, మొయినాబాద్ మండలం చిలుకూరులోను సాంఘిక సంక్షేమ గురుకులాలూ ఉన్నయి. ఒకే గాలి పీల్చే ఈ రెండు రకాల పిల్లలకు 'ప్రకృతి' ఒక్కటేనా? 'మనశ్శాంతి' ఒక్కటేనా?

ఈ ఆలోచనను ఎగతాళి చేసి కొట్టిపారేయడానికి ఈ వ్యాసం రాయడం లేదు. దళిత విద్యార్థి మనసుకు నెమ్మది కావాలె. అందరికన్నా ఎక్కువ కావాలె. అయితే ప్రకృతికీ, మనసుకూ చరిత్ర ఉంది. ఆ చరిత్ర నిండా కులం ఉంది. దాన్ని దాటవేసి పిల్లలను చెట్టు కింద కూచోబెట్టి కళ్లు మూసుకొమ్మంటే, మూసుకున్న ఆ కళ్ల వెనుక ఏం మెదులుతుందో పంతులుకు తెలియకుండా పోతుంది.

'బయట' అనే మాటకు రెండర్థాలు

బడి నుంచి బయటికి పోవడం గొప్ప అనుభవమని ఇప్పటి విద్యావేత్తలు చెప్తరు. మన జాతులకు బయట అనేది కొత్త కాదు. మనవాడ ఊరి బయట. మన దేవతలు గుడి బయట. మన పిల్లలు శతాబ్దాల పాటు బడి బయట. బళ్లోకి రానిచ్చిన చోట కూడా తరగతి బయటే. అంబేద్కర్ చిన్నప్పుడు బళ్లో మిగతా పిల్లలకు దూరంగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూచున్నడు. ఆ పట్టాను ముట్టుకోవడానికి ఊడ్చేవాడు కూడా ఒప్పుకోలేదు. కనుక 'బయట కూచోవడం' అనే దృశ్యం ఒక వర్గానికి సెలవు, ఇంకో వర్గానికి శిక్ష.

చేవెళ్ల ప్రాంతం చరిత్రలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, దానికి దక్షిణంగా పారే ఈసీ, ఈ రెండింటి పరీవాహకంలోనే ఈ ఊళ్లున్నయి. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మీద మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీకి అడ్డంగా హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. ఉస్మాన్‌సాగర్‌నే జనం గండిపేట అంటరు. నగరానికి తాగునీరు, వరద నుంచి రక్షణ దొరికినయి. నీళ్లు నిలిచిన నేల మాత్రం పల్లెలది. హిమాయత్‌సాగర్ పూర్తయిన ఆ 1927లోనే, మార్చి 20న, మహద్‌లో అంబేద్కర్ వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్లు తాగిండు. ఒకపక్క రాజ్యం నీటికి కట్టలు కడుతున్నది, ఇంకోపక్క దోసెడు నీళ్లు ముట్టడానికి మనిషి ఉద్యమం చేయాల్సి వచ్చింది. ప్రకృతి పాఠం చెప్పేవాళ్లు ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చెప్పాలె.

తెలంగాణ ఊళ్లల్ల చెరువు తూము తెరిచి, మూసి, కాలువ వెంబడి నడిచి మడిమడికి నీరు పంచేవాడిని నీరడి అన్నరు. చాలా ఊళ్లల్ల ఆ పని మాల, మాదిగ కుటుంబాలదే. అలుగు ఎప్పుడు పారుతది, కట్ట ఎక్కడ బుంగపడుతది, ఏ మడికి ఎంత తడి కావాలె, ఇదంతా నీరడికి తెలుసు. చెరువును చూసేది ఆయన, చెరువు నీళ్లతో పండేది దొర భూమి. మాదిగలు తోలును సున్నంలో నానబెట్టి వెంట్రుక తీసి, తంగేడు చెక్క, కరక్కాయ కలిపిన నీళ్లతో లందలో ఊరబెట్టి చెప్పులు, మోట బొక్కెనలు చేశారు. ఏ చెట్టు చెక్క తోలును చెడిపోకుండా కాపాడుతదో కనిపెట్టడం రసాయన శాస్త్రం. ఆ శాస్త్రజ్ఞుడిని అంటరానివాడన్నరు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం శ్రమ గౌరవం మీద రాసిన ఇంగ్లీషు పుస్తకంలో ఈ వృత్తుల్లోని విజ్ఞానాన్నే ముందుకు తెచ్చిండు. అంతకుముందు పాఠ్యపుస్తకాల్లో కుండ, చెప్పు, నాగలి బొమ్మలు ఉండేవి గాని, వాటి వెనుక మెదడు ఉన్నట్టు చెప్పే పాఠం ఉండేది కాదు.

మన పిల్లలకు ప్రకృతి పరిచయం చేయాలనే మాటలో ఒక దురభిప్రాయం దాగి ఉంది. వాళ్లు ప్రకృతికి దూరమైనట్టు, ఎవరో పట్నపు మనిషి వచ్చి దగ్గర చేయాల్సినట్టు. పసుల గాసిన పిల్లగానికి రేగుచెట్టు, పరికిచెట్టు, తునికిచెట్టు పరిచయం చేయాల్సిన అవసరం లేదు. వాని తెలివిని తెలివిగా లెక్కించడమే అవసరం.

పొలం నుంచి బడికి: 1990ల పోరాటం

అయితే ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. మన శ్రమలో జ్ఞానం ఉందని చెప్తూ చెప్తూ, పిల్లలు పొలంలో ఉంటేనే మంచిదనే దాకా పోవద్దు. అది దొరల వాదం. 'వీళ్లకు చదువెందుకు, పసుల కాసుకుంటే చాలదా' అన్నది వాళ్లే.

జీతం ఉండడం అనే మాట ఈ ప్రాంతంలో ముసలివాళ్లందరికీ తెలుసు. అప్పు తీసుకున్నది తండ్రి, దొర ఇంట్ల జీతానికి ఉన్నది కొడుకు. నిజాం రాజ్యంలో దీన్ని భగేలా అన్నరు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. ఆ చట్టం కాగితం మీద ఆగిపోకుండా చూసిన అధికారుల్లో ఎస్.ఆర్. శంకరన్ పేరు ముందుగా చెప్పుకోవాలె. ఆయన హయాంలోనే సాంఘిక సంక్షేమ శాఖ, హాస్టళ్లు కొత్త ఊపిరి పోసుకున్నయి. పి.వి. నరసింహారావు చొరవతో 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల ఆలోచన 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలుగా మన పిల్లల దాకా వచ్చింది.

అయినా 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వేలమంది పిల్లలు పొలాల్లో, పసుల వెంట ఉన్నరు. ఆ జిల్లాలోనే 1991 నుంచి శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ పిల్లలను పని నుంచి బడికి మార్చే ఉద్యమం నడిపింది. బడికి పోని ప్రతి పిల్లా పిల్లవాడూ బాలకార్మికులే అన్నది వాళ్ల సూత్రం. 'పేదింటి పిల్లలు, పని తప్పదు' అనే సానుభూతి మాటను వాళ్లు ఒప్పుకోలేదు. వయసు మీరిన పిల్లలకు శిబిరాలు పెట్టి, ఆటాపాటా నడుమ అక్షరాలు నేర్పి, వాళ్ల వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. ఈ అనుభవమే తర్వాత విద్యాహక్కు చట్టం (2009) ఆలోచనల్లోకి పోయింది. 2003లో శాంతా సిన్హాకు మెగసెసె అవార్డు వచ్చింది.

ఈ చరిత్రను గుర్తుపెట్టుకుంటే ఒక సంగతి అర్థమైతది. ఒక తరం కింద ఈ నేల మీద జరిగిన పోరాటం పిల్లలను ఎండలోంచి నీడలోకి, బయటి నుంచి లోపలికి తేవడానికి. ఇవాళ వచ్చిన కొత్త విద్య వాళ్లను లోపలి నుంచి బయటికి తీసుకుపోతానంటున్నది. తండ్రి అడుగుతడు: 'సారూ, పొలం పని తప్పించడానికే గదా బడికి పంపిన, మళ్ల పొలానికే తోలుకపోతరా?' ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ప్రకృతి విద్య మన వాడల్లో నిలబడదు. జవాబు ఉంది. బలవంతంగా పోయిన చోటికి హక్కుగా పోవడం వేరు. కూలిగా చూసిన చెరువును విద్యార్థిగా చూడడం వేరు. ఈ తేడాను పంతులు ముందు తాను గుర్తించాలె, తర్వాత పిల్లలకు చెప్పాలె.

చెట్టు కింద చదువు ఎవరికి దక్కింది?

చెట్టు కింద చదువు మన దేశంలో పాత ఆదర్శమే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో బడి మొదలుపెట్టి చెట్ల కింద తరగతులు నడిపిండు. తెలుగునేల మీద మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో రిషివ్యాలీ బడి 1930లలో వేళ్లూనుకుంది. అక్కడ సాయంత్రం పిల్లలు గుట్ట వైపు కూచుని సూర్యుడు అస్తమించేదాకా మాట్లాడకుండా చూసే అలవాటు ఉంది. దాన్ని అస్తాచల్ అంటరు. ప్రకృతి, మౌనం, చదువు, ఈ మూడూ కలిసిన పద్ధతికి మన భాషాప్రాంతంలో ఇంతకన్నా పాత ఉదాహరణ దొరకడం కష్టం. ఆ బడి ఆ తర్వాత చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం చిన్న బడులు కూడా పెట్టింది, బహుళ తరగతుల బోధనలో మంచి పని చేసింది. ఆ మేలును కాదనలేం. కాని సూర్యాస్తమయాన్ని తీరికగా చూడగలిగే బాల్యం ఆ ఆవరణ బయట ఎంతమందికి దక్కింది? పొద్దుగూకడం అంటే కూలికి పోయిన తల్లికి ఇంటికి నడిచే వేళ, పొయ్యి రాజేసే వేళ.

అదే కాలంలో హైదరాబాద్‌లో ఇంకో రకం బడులు నడిచినయి. 1888లో మాదరి భాగయ్యగా పుట్టిన భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్‌మిత్ర మండలి స్థాపించిండు. 1910 నుంచి ఆదిహిందువుల పిల్లలకు బడులు పెట్టడం మొదలుపెట్టి, రెండు దశాబ్దాల్లో ఇరవైకి పైగా నడిపించిండు. వాటికి తోటల్లేవు, గుట్టల్లేవు. చందాలతో, ఇరుకు గల్లీల్లో నడిచిన బడులవి. అయితే ఆయన మనసు సంగతి మరువలేదు. తాగుడు, జోగిని దురాచారం, తమను తాము తక్కువ అనుకునే అలవాటు, వీటి మీద ఆయన చేసిన పనంతా మనసును విడిపించే పనే. 1913లోనే ఆయన హైదరాబాద్‌లో బుద్ధజయంతి జరిపిండు. నాగపూర్ దీక్షకు 43 ఏళ్ల ముందు. అంటే మన నేల మీద దళిత విద్య మొదలైన తొలి దినాల నుంచే బుద్ధుడు దాని పక్కన ఉన్నడు. ఇవాళ మైండ్‌ఫుల్‌నెస్ అనే పేరుతో వస్తున్నది మనకు పరాయి సొమ్ము కాదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తుతున్న.

నేరేడు చెట్టు కింద బుద్ధుడు

మైండ్‌ఫుల్‌నెస్ అనే ఇంగ్లీషు మాట పాళీ భాషలోని 'సతి'కి చేసిన అనువాదం. తెలుగులో ఎరుక అనొచ్చు. తెలంగాణలో మనకు ఇంకా మంచి మాట ఉంది: సోయి. 'సోయిలో ఉన్నవా?' అని అడిగితే ఊపిరి లెక్కబెడుతున్నవా అని అర్థం కాదు. నీ చుట్టూ ఏం జరుగుతున్నదో నీకు తెలుస్తున్నదా అని.

బౌద్ధ సంప్రదాయంలో సిద్ధార్థుడి మొదటి ధ్యానం కథ ఒకటుంది. తండ్రి పొలంలో దుక్కి దున్నే పండుగ నాడు చిన్న సిద్ధార్థుడు నేరేడు చెట్టు నీడన కూచుని ధ్యానంలో మునిగిండు. తర్వాత ఎన్నో ఏళ్లకు, ఉపవాసాలతో శరీరాన్ని కృశింపజేసినా దారి దొరకనప్పుడు, ఆ నేరేడు చెట్టు నీడే ఆయనకు జ్ఞాపకం వచ్చింది. అశ్వఘోషుడి బుద్ధచరితంలో ఈ సన్నివేశం ఇంకొంచెం ముందుకు పోతుంది. నాగలి కింద నలిగిన పురుగులు, ఎండకు మాడిన దున్నేవాళ్లు, అలసిన ఎడ్లు కనబడి, ఆ దుఃఖంలోంచి ఆయన చెట్టు కిందికి పోయి కూచుంటడు.

అంబేద్కర్ మరణానంతరం 1957లో వచ్చిన 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో బాల్యం భాగం చదివితే ఈ నేరేడు చెట్టు కొత్త అర్థంతో కనిపిస్తుంది. ఎర్రటి ఎండలో, ఒంటి మీద సరిగా బట్ట లేకుండా, దున్నుతూ గట్లు వేస్తూ చెట్లు కొడుతూ ఉన్న కూలీలను సిద్ధార్థుడు చూస్తడు. ఒక మనిషి కష్టం మీద ఇంకో మనిషి బతకడం న్యాయమా అని స్నేహితులను అడుగుతడు. శాక్యుల విత్తనాల పండుగ నాడు తానే నాగలి పడతడు. ఒంటరిగా దొరికినప్పుడు ధ్యానమూ చేస్తడు. చూడడం, ప్రశ్నించడం, చేతులతో పనిచేయడం, కుదురుగా కూచోవడం, ఈ నాలుగూ అంబేద్కర్ చేతిలో ఒక్క మనిషి స్వభావంగా నిలబడ్డయి. ఇంకో సంగతి. ముసలివాడిని, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు వదిలిండనే కథను అంబేద్కర్ ఒప్పుకోలేదు. రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకు, కోలియులకు వచ్చిన తగాదాలో యుద్ధాన్ని వ్యతిరేకించినందుకే ఆయన వెళ్లాల్సి వచ్చిందని రాసిండు. నీళ్ల పంచాయితీలోంచి బయలుదేరిన బుద్ధుడు ఆయన. చెరువుల నడుమ ఉన్న చేవెళ్లకు ఇంతకన్నా దగ్గరి బుద్ధుడు ఎవరుంటరు?

ఈ వెలుగులో చూస్తే ఇవాళ్టి మైండ్‌ఫుల్‌నెస్‌కు జరిగిన ప్రయాణం అర్థమైతది. ఎస్.ఎన్. గోయెంకా 1969లో బర్మా నుంచి విపశ్యనను భారతదేశానికి తెచ్చిండు. 1976 నాటికే హైదరాబాద్‌లో కేంద్రం వచ్చింది. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రజ్ఞుడు మసాచుసెట్స్ వైద్య కళాశాలలో నొప్పి, ఒత్తిడి ఉన్న రోగుల కోసం ధ్యానాన్ని ఎనిమిది వారాల శిక్షణగా మలిచిండు. అక్కడి నుంచి అది కంపెనీల్లోకి, సైన్యంలోకి, బడుల్లోకి పోయింది. 2018లో ఢిల్లీ సర్కారు బడుల్లో ఆనంద పాఠ్యక్రమం పేరుతో పిల్లలకు రోజూ కొంతసేపు ధ్యానం పెట్టారు. దారి పొడుగునా దున్నేవాడు, ఎడ్లు, న్యాయమా అనే ప్రశ్న జారిపోయినయి. ఊపిరి ఒక్కటే మిగిలింది.

ఊపిరి ఒక్కటే సరిపోతదా? బ్రిటన్‌లో 85 బడుల్లో, 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చినయి. మామూలు పాఠాలు విన్న పిల్లలకన్నా మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు విన్న పిల్లల మానసిక ఆరోగ్యం మెరుగుపడలేదని తేలింది. చెట్టు సంగతి వేరే. 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు, ఆపరేషన్ తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్న రోగులు, ఇటుక గోడ కనిపించే గదుల్లోని వాళ్లకన్నా తొందరగా ఇంటికి పోయినట్టు చూపించిండు. చెట్టు మనిషికి మేలు చేస్తుంది. అయితే మన ప్రశ్న మిగిలే ఉంది: కిటికీ ఎవరికుంది, ఇటుక గోడ ఎవరికుంది?

గోడల చరిత్ర

మొయినాబాద్‌లో గోడల చరిత్ర 1996తో మలుపు తిరిగింది. జంట జలాశయాలను కాపాడడానికి ఆ ఏడు మార్చిలో జీవో 111 వచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, కాలనీలను నిషేధించింది. ఉద్దేశం మంచిదే. దాని ఫలితం మాత్రం కులాన్ని బట్టి, భూమిని బట్టి పంచుకోబడింది. ఫ్యాక్టరీలు, అపార్టుమెంట్లు రాని చోటికి ఫామ్‌హౌసులు వచ్చినయి. పట్నపు డబ్బు ఎకరాలకు ఎకరాలు కొని ప్రహరీ కట్టింది. లోపల పచ్చిక, ఈతకొలను, మామిడి తోట. బయట పసుల దారి మూసుకుపోయింది. దళితులకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూములు అమ్మరాదని, కొనరాదని 1977 చట్టం చెప్తుంది. అది అమలైన తీరు ఏ ఊరి దళితవాడలో అడిగినా చెప్తరు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ నిషేధాలను సడలించారు. జీవో ఉన్నప్పుడూ, సడలినప్పుడూ కూడా చెరువు గట్టు మీద భూమి లేని పిల్లవాని హక్కు గురించి ఒక్క వాక్యం లేదు.

చిలుకూరులో 3.6 చదరపు కిలోమీటర్ల మృగవని జాతీయ ఉద్యానవనం ఉంది. అందులో పర్యావరణ విద్యాకేంద్రం ఉంది. 2015 జూలైలో హరితహారం కార్యక్రమం మొదలైంది కూడా చిలుకూరులోనే. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే పర్యావరణాన్ని పాఠ్యాంశం చేయాలన్నది. అంటే వనరు ఉంది, ఆదేశం ఉంది, పక్కనే గురుకులం ఉంది. ఈ మూడింటినీ కలిపి మన పిల్లల వారం వారం చదువులో భాగం చేయడమే మిగిలిన పని.

చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల సంగతి ఇంకా చిక్కు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల రోడ్డు పక్కన తొమ్మిది వందల దాకా పాత మర్రిచెట్లున్నయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టొద్దని నగరంలోని ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. 2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. తెల్లవారుజామున పట్నం కాలేజీలకు పోతున్న ఆడపిల్లలూ అందులో ఉన్నరు. చెట్లా, ప్రాణాలా అని అప్పుడు వాదన నడిచింది. ఈ వాదనలో ఎప్పుడూ కారున్నవాడే రెండు వైపులా మాట్లాడుతడు. బస్సెక్కి చదువుకు పోయే పిల్లకు మర్రినీడ కూడా కావాలె, బతికి ఇంటికి రావడం కూడా కావాలె. ఆ రెండింటిలో ఒకటి ఎంచుకొమ్మనే హక్కు ఎవరికీ లేదు.

మనవాళ్లు చేసి చూపినవి

మన దగ్గర ఆదర్శాలు లేవనుకోవద్దు. చేవెళ్లకు ఉత్తరంగా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత స్త్రీల సంఘాలతో పనిచేసింది. బీడుపడ్డ చెలకల్లో జొన్న, కొర్ర, కంది కలిపి పండించిన స్త్రీలు వాళ్లు. సొసైటీ 1993లో మాచనూరులో పచ్చసాలె అనే బడి మొదలుపెట్టింది. అక్కడ దళిత, పేద పిల్లలు సర్కారు పాఠాలతో పాటు సేద్యం, మూలికావైద్యం, కుండలు, వడ్రంగం నేర్చుకున్నరు. విత్తనాలు దాచిన తల్లి అక్కడ నిరక్షరాస్య కాదు, పంతులమ్మ. అదే మాచనూరులో 2008లో దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో వచ్చింది. తల్లి జ్ఞానాన్ని బడి గౌరవించినప్పుడు పిల్ల మనసులో సిగ్గు చచ్చిపోతది. మానసిక ఆరోగ్యం అంటే మొదటి మెట్టు అదే.

రెండో ఉదాహరణ సాంఘిక సంక్షేమ గురుకులాలది. ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ కార్యదర్శిగా ఉన్న కాలంలో గురుకుల పిల్లలకు భువనగిరి కోట బండ మీద కొండలెక్కడం నేర్పారు. అక్కడి నుంచి డార్జిలింగ్, లదాఖ్. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత యువకుడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. శిఖరం మీద అంబేద్కర్ బొమ్మ పెట్టారు. దీన్ని సాహసం, రికార్డు అని పత్రికలు రాసినయి. ప్రకృతి విద్యగా ఎవరూ చూడలేదు. రాజులు కోట కట్టుకున్న బండను కూలివాళ్ల పిల్లలు ఎక్కి దిగడం, ప్రతి అడుగూ సోయితో వేయడం, తాడు పట్టిన తోటివాని మీద ప్రాణం పెట్టడం, ఇంతకన్నా మైండ్‌ఫుల్‌నెస్ ఏముంటది? అయితే ఇద్దరు శిఖరమెక్కితే లక్షలమందికి ఊపిరాడినట్టు కాదు. 2024లో ఇవే గురుకులాలు, హాస్టళ్లు కలుషిత అన్నం, పాముకాట్లు, పిల్లల మరణాలతో వార్తలకెక్కినయి. పురుగుల అన్నం తిన్న పిల్లను కళ్లు మూసుకుని కృతజ్ఞతతో ఉండమనడం ధ్యానం కాదు, మోసం.

నక్షత్రాలు చూసిన పిల్లవాడు

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నడు. హాస్టల్ నుంచి వెలివేయబడ్డ ఐదుగురు పరిశోధక విద్యార్థులు చలిలో ఆరుబయట పడుకున్న చోటికి వాళ్లు వెలివాడ అని పేరు పెట్టారు. రోహిత్ చివరి లేఖలో శాస్త్రం మీద, నక్షత్రాల మీద, ప్రకృతి మీద తనకున్న ప్రేమను రాసుకున్నడు. ప్రకృతికి దూరమై ఆయన చనిపోలేదు. రాళ్లు, చెట్లు, చెరువులు ఉన్న ఆవరణలోనే, ప్రకృతిని ప్రేమిస్తూనే చనిపోయిండు. చెట్లు ఉండి న్యాయం లేని చోట మనసు నిలబడదని మన తరం ఆ ఆరుబయట నేర్చుకుంది. విద్యార్థి మనసు గురించి ఎవరు మాట్లాడినా ఈ వెలివాడ ముందు నుంచి నడిచిపోవాల్సిందే.

2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో కోచింగ్ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పి 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట సలహాదారు ఉండాలన్నది. అణగారిన వర్గాల విద్యార్థులతో వివక్ష లేకుండా మెలగడం సిబ్బందికి నేర్పాలన్నది. ఉద్యమకారులు, ఉపాధ్యాయులు పట్టుకోవాల్సిన ఆయుధం ఇది. ధ్యానం క్లాసు పెట్టామని చెప్పి సలహాదారు పోస్టును ఎగ్గొట్టే అవకాశం సంస్థలకు ఇవ్వొద్దు.

ఏం చేయాలె?

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ప్రకృతి విద్య, మనసు విద్య కలిపి నడపాలంటే మన వైపు నుంచి కొన్ని షరతులు ఉండాలె. మొదటిది, పిల్లలు చెరువు దగ్గరికి పోయిన నాడు నీరడి పని చేసిన పెద్దమనిషి అక్కడ పంతులుగా నిలబడాలె, ఆయనకు పంతులుకిచ్చే గౌరవం, రుసుము ఇవ్వాలె. లంద, తంగేడు, మోట, విత్తనం, ఇవన్నీ పాఠంలోకి రావాలె. రెండోది, కూచుని ఊపిరిని గమనించడం నేర్పితే, లేచి చుట్టూ గమనించడం కూడా నేర్పాలె. ఈ గోడ ఎవరిది, ఈ నీళ్లు ఎటు పోతున్నయి, ఈ భూమి పట్టా ఎవరి పేరున ఉంది, ఈ పొలంలో ఎవరు వంగి ఉన్నరు అని. నేరేడు చెట్టు పాఠం అదే. మూడోది, మౌనం పిల్లల ఇష్టం మీద ఉండాలె. తరతరాలుగా నోరు మూయించబడ్డ జాతికి మౌనం ఎప్పుడూ శాంతి కాదు. మాట్లాడాలనుకున్న పిల్లకు ముందు మాట, తర్వాత మౌనం. నాలుగోది, అన్నం, నీళ్లు, పక్క, మరుగుదొడ్డి, రోడ్డు, ఇవి సరిగా లేకుండా ధ్యానం మొదలుపెట్టొద్దు. ఐదోది, మృగవని వంటి ప్రజల అడవి గేటు సంక్షేమ గురుకులాల పిల్లలకు ఏడాదికి ఒక్క విహారయాత్రగా కాక, చదువులో భాగంగా తెరుచుకోవాలె.

2009 నుంచి చేవెళ్ల అసెంబ్లీ స్థానం ఎస్సీలకు రిజర్వు అయింది. ఓటు మన చేతిలో ఉన్న చోట చెరువుగట్టు, చెట్టునీడ, మనశ్శాంతి కూడా రాజకీయ డిమాండ్లు కావాలె. మన పిల్లలు చెట్టు కింద కూచోవాలె. బడి బయటకు నెట్టబడి కాదు, బడిని వెంట తీసుకుని. అప్పుడు వాళ్లు కళ్లు మూసుకున్నా తెరిచినా సోయిలోనే ఉంటరు.